ఏడు ‘బి’ రూల్సు

అంతా ఆవిడ గొంతు పోవడంతో మొదలైంది.

ఏళ్ళ తరబడి సైన్స్ పాఠాలు చెప్పి, చెప్పినదానికన్నా ఎక్కువ అరిచి, చివరికి ఒకరోజు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. గొంతు డాక్టరు చిన్న అద్దం లోపల పెట్టి చూసి, “అరచేతులకి కాయలు కాసినట్టు మీ గొంతులో కాయలు కాశాయమ్మా. మీ అంతట మీరు అరవడం మానేస్తారా, నన్ను కోసి మాన్పించమంటారా?” అన్నాడు. మందులు వాడితే మాట తిరిగొచ్చింది గానీ, పగిలిన కుండ మీద కొట్టినట్టు వచ్చింది. వారం తిరక్కుండా పిల్లలు ఆవిడకి బొంగురు టీచర్ అని పేరు పెట్టేశారు. పిల్లలు పెట్టే పేరు చెవిన పడని టీచరంటూ ఎక్కడా ఉండదు. ఆవిడ విననట్టే ఊరుకుంది.

బడి ఆవిడ ఆడపడుచుది. రెండు గదుల రేకుల షెడ్డులో మొదలుపెట్టి మూడంతస్తుల దాకా లాక్కొచ్చిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. “నా మొగుడూ బడే, నా అత్తగారూ బడే, రెండిటికీ చాకిరీ నేనే చేస్తున్నా” అని నవ్వేది. తమ్ముడికి బడి బస్సులు చూసుకునే పని ఇచ్చింది. మరదలికి టీచరు పని ఇచ్చింది. ఇద్దరికీ తన ఇంట్లో పై వాటా ఇచ్చింది. ఇచ్చినవన్నీ మనస్ఫూర్తిగానే ఇచ్చింది, ఇచ్చినట్టు ఎన్నడూ మర్చిపోలేదు. ఏ కిటికీకి ఏ రంగు తెర కట్టాలో కింది నుంచి కేకేసి చెప్పేది. బొంగురు టీచర్ “అలాగే వదినా” అనేది. ఇంట్లో వదిన, బడిలో మేడమ్. గేటు దాటగానే పిలుపు మారేది గానీ, తలూపడం మారేది కాదు.

ఆ ఏడు ఆవిడకి ఏడో తరగతి ‘బి’ సెక్షన్‌ని క్లాస్ టీచర్‌గా ఇచ్చారు. చివర్లో బస్సు షెడ్డును ఆనుకుని ఉండే గది అది. ఆ గదిలోంచి బయటికొచ్చే మాస్టార్లందరూ యుద్ధం నుంచి వచ్చినట్టు చెమటలు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. లెక్కల మాస్టారైతే, “ఆ సెక్షన్‌కి పాఠం చెప్పడం, కప్పల్ని తక్కెట్లో పెట్టి తూచడం ఒకటే” అనేవాడు.

మొదటి రోజు ఆవిడ లోపలికెళ్ళి ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద రాసింది: ‘నేను అరవలేను. ఈ గదిలో మనందరం ఎలా ఉండాలో మీరే చెప్పండి.’

గోల సన్నగిల్లింది. రెండో వరసలోంచి ఒక బక్కపల్చటి కుర్రాడు లేచాడు. ప్రతిదానికీ వాదిస్తాడని వాణ్ణి అందరూ వకీలు అంటారు.

“ఇది పరీక్షకొస్తుందా టీచర్?”

“రాదు.”

“మరెందుకు?”

“నాకు గొంతు లేదు గనక.”

క్లాసంతా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. మాట్లాడితే బెంచీ ఎక్కించాలి. ఆలస్యంగా వస్తే గోడకుర్చీ వేయించాలి. అల్లరి చేస్తే స్కేలు పెట్టి కొట్టాలి, పక్క మీద కాకుండా అంచు మీద. ఆవిడ చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అదేంట్రా? మిమ్మల్నడిగితే మిమ్మల్నే కొట్టమంటారేంటి?”

“మీకేం కావాలో అదే చెప్తున్నాం టీచర్” అన్నాడు వకీలు.

ఆవిడ బోర్డు మీద రాసినదంతా తుడిచేసింది. “నాకు కావలసింది వద్దు. ఈ బడిలో మీకెప్పుడు ఏడుపొచ్చిందో చెప్పండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం” అంది.

ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు. మర్నాడు ఒక పిల్ల విప్పింది. ఆ మర్నాడు నలుగురు. ఎవడో ఒకడు ఈల వేస్తే క్లాసు మొత్తాన్ని ఎండలో నిలబెట్టారని ఒకరు. పెన్ను పోయిందనగానే ప్రతిసారీ తన సంచే ముందు వెతుకుతారని ఇంకొకడు, ఆ మాట చెబుతూ చెబుతూనే ఏడ్చేశాడు. కిటికీ పక్కన ఒక పిల్ల ఉండేది. ఆ అమ్మాయికి నత్తి. టైపు మిషను అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లల్లో ఒక్కరూ టైపు మిషను కళ్ళతో చూసినవాళ్ళు కారు, ఆ పేరు పెట్టింది లెక్కల మాస్టారు.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. లేచి నిలబడి, బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

“మ... మ... మాట...”

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. బొంగురు టీచర్ వాడి వంక చూసింది, అంతే. వాడు తల దించుకున్నాడు. గదంతా ఆగింది. పక్కన షెడ్డులో ఎవరో బస్సు టైరుకి గాలి కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

“మాట... అ... అయ్యేదాకా... ఆ... ఆగాలి.”

అని కూర్చుంది. మొహం ఎర్రగా కందిపోయింది. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందో గానీ, అంతసేపూ ఆ గది ఆగింది. అదే మొదటి రూలైంది.

వారం పైన పట్టింది అన్నీ తేలడానికి. పేర్ల సంగతి వచ్చినప్పుడు పెద్ద తగువే అయింది. చివరికి, ఇష్టం లేని పేరుతో ఎవర్నీ పిలవకూడదు, ఇష్టమైతే పిలవొచ్చు అని తేలింది. ఒక్కొక్కర్నీ లేపి అడిగారు. వకీలు, “నాకు వకీలే బావుంది, ఫీజు ఇవ్వకపోయినా పర్లేదు” అన్నాడు. నత్తి పిల్ల చాలాసేపు తంటాలు పడి, “పి... పిచ్చుక. మా నా... నాన్న పిలుస్తాడు” అంది. ఆ రోజు నుంచి పిచ్చుక అయింది.

“మరి మీ సంగతేంటి టీచర్?” అన్నాడు వకీలు. “మేం మిమ్మల్ని బొంగురు టీచర్ అంటాం.”

క్లాసంతా ఒకసారి వాడి వైపు, ఒకసారి ఆవిడ వైపు చూసింది. ఆవిడ నవ్వింది. “బొంగురే కదా, అబద్ధం లేదుగా. పిలుచుకోండి.”

చివరి రూలు వకీలుది. ‘అందరి ముందు అంటే, అందరి ముందే సారీ చెప్పాలి. టీచరైనా సరే.’ ఆ ‘టీచరైనా సరే’ దగ్గర పెన్సిలు ఆపి వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. “రాయరా” అంది. పుస్తకాలకి అట్టలేసే గోధుమరంగు కాగితం మీద వంకరటింకర అక్షరాలతో వాళ్ళే రాసుకుని, తలుపు పక్కన అంటించుకున్నారు.

రాత్రికి రాత్రి ఎవరూ బుద్ధిమంతులైపోలేదు. కానీ గదిలో ఏదో మారింది. పెన్ను పోతే ముందు అడిగారు, సంచీలు వెతకలేదు. అది కిటికీ సందులో దొరికింది. ఒకరోజు వెనక బెంచీలో చప్పుడు విని ఆవిడ వకీలుని నలుగురిలో కసిరింది. తీరా చూస్తే చేసింది వాడు కాదు. వాడు మాట్లాడకుండా తలుపు పక్కకి వేలు చూపించాడు. ఆవిడ బోర్డు దగ్గర నిలబడి, “నాదే తప్పు. అడక్కుండా అన్నాను. సారీ నాన్నా” అంది. ఒక పెద్దమనిషి తమలో ఒకడికి సారీ చెప్పడం ఆ పిల్లలు అంతకుముందు చూడలేదు. ముందు వకీలు వైపు చూశారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఆవిడకి ఇంటికి నడవడం కూడా తేలిగ్గా అనిపించింది. ఇన్నేళ్ళూ తను చేసింది ఉద్యోగమనీ, పాఠం చెప్పడం ఇప్పుడే మొదలైందనీ అనిపించింది.

మేడమ్‌కి ముందు ఇది వేళాకోళం. “ఏమ్మా, పిల్లల్నడిగి రూల్సు పెడుతున్నావటగా? రేపు పరీక్ష పేపరు కూడా వాళ్ళనే రాయమంటావా?” అంది భోజనాల దగ్గర. తమ్ముడు గట్టిగా నవ్వాడు. కానీ మేడమ్ కళ్ళు పదునైనవి. ఏడు ‘బి’ నుంచి తన గదికి ఫిర్యాదులు రావడం లేదని త్వరలోనే పసిగట్టింది. ఒకటి రెండు సార్లు వరండాలో నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి, ఆదర్శ పాఠశాల గుర్తింపు కోసం బడిని చూడటానికి పెద్దలు వస్తున్నారని తెలిసింది. మేడమ్ ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్న గుర్తింపు అది. వాళ్ళకి చూపించడానికి ఏడు ‘బి’ని ఎంచుకుంది.

పెద్దలు వచ్చే ముందు రోజు పిల్లలు వచ్చేసరికి గోధుమరంగు కాగితం లేదు. దాని చోట నిగనిగలాడే పెద్ద బోర్డు, చుట్టూ పువ్వుల అంచు, పైన బంగారు రంగులో ‘మేం పెట్టుకున్న మా నియమాలు’. వకీలు దగ్గరికెళ్ళి వేలు పెట్టి చదివాడు. ‘మాట అయ్యేదాకా ఆగాలి’ అన్నచోట ‘పెద్దలు మాట్లాడేటప్పుడు మధ్యలో మాట్లాడరాదు’ అని ఉంది. చివరిది ‘తప్పు చేసిన విద్యార్థి క్షమాపణ కోరాలి’ అయింది. ‘టీచరైనా సరే’ ఎగిరిపోయింది.

“టీచర్, ఇది మేం రాయలేదు.”

ఆవిడకీ అప్పుడే తెలిసింది. ఇంటర్వెల్‌లో మేడమ్ గదికి వెళ్ళింది. మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “భాష కాస్త సరిచేయించాను, అంతే. అంత అసహ్యంగా రాసిన కాగితం పెద్దల ముందు పెడతామా?” అంది.

“భాష కాదు మేడమ్, మాటే మారింది.”

“ఒక్క పూట. వాళ్ళొచ్చి చూసి వెళ్ళిపోతారు. తర్వాత నీ కాగితం నువ్వు అంటించుకో, ఎవరొద్దన్నారు? ఈ ఒక్క పూట నా మాట నిలబెట్టమ్మా. నేను నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా?”

నిజమే, ఎప్పుడూ అడగలేదు, చెప్పేది. అడగడం అదే మొదలు. దాంతో బొంగురు టీచర్ మెత్తబడింది. క్లాసుకి వచ్చి, “రేపొక్కరోజు ఊరుకోండర్రా, ఎల్లుండి మనది మనం పెట్టుకుందాం” అంది. పిల్లలు సరేనన్నారు. వకీలు కూడా గొణుక్కుంటూనే సరేనన్నాడు. పిచ్చుక మాత్రం ఆ బోర్డునే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ముగ్గురొచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, గొలుసు కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. మేడమ్ పక్కనే ఉండి అన్నీ వివరించింది. కళ్ళజోడు ఆవిడ బోర్డంతా ఓపిగ్గా చదివి పిల్లల వైపు తిరిగింది.

“చాలా బావున్నాయి. ఇవన్నీ మీరే రాశారా?”

“రాశామండీ” అంది క్లాసు, నేర్పినట్టే.

“మరి మొదటిది ఎవరు చెప్పారు?”

పిచ్చుక లేచింది.

“నే... నేను. కా... కానీ... నే... నేను...”

“సరే సరే, కూర్చోమ్మా” అంది మేడమ్ నవ్వుతూ. “పిల్లలు కదండీ, కొత్తవాళ్ళని చూస్తే కంగారు.”

“తనింకా మాట్లాడుతోంది మేడమ్” అన్నాడు వకీలు.

గట్టిగా అనలేదు, ఎదిరించినట్టూ అనలేదు. రూలు గుర్తు చేశాడు, అంతే. కళ్ళజోడు ఆవిడ చెయ్యెత్తి మేడమ్‌ని ఆపింది. మొదటి రోజు ఆగినట్టే గది మళ్ళీ ఆగింది. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ కదల్లేదు. ఆ పిల్ల బెంచీ అంచు పట్టుకుని ఒక్కో మాటనీ లోపల్నుంచి బరువు లాగినట్టు లాగింది.

“నేను చె... చెప్పింది... అది... కాదు. మా... మార్చేశారు. చి... చివరిది కూడా.”

కళ్ళజోడు ఆవిడ బొంగురు టీచర్ వైపు చూసింది. “మీరే కదా క్లాస్ టీచరు? ఏమంటోంది ఈ అమ్మాయి? నిజమేనా?”

చెప్పాల్సింది ఒక్క మాట. ‘నిజమే.’ అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కళ్ళజోడు ఆవిడ భుజం మీదుగా మేడమ్ మొహం కనబడుతోంది. ఆ మొహంలో కోపం లేదు, కోపమైనా బావుండేది. రేకుల షెడ్డు నాటి భయం ఉంది. కిటికీ అవతల భర్త బస్సు బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు.

“పొరబడిందండీ” అంది బొంగురు టీచర్. “అన్నీ పిల్లలు రాసినవే. ఈ అమ్మాయి కొంచెం... మాట సరిగా రాదు కదా, ఒకటి అనబోయి ఒకటి అంటూంటుంది.”

పిచ్చుక ఆవిడ వైపు చూసింది. ఏడవలేదు. అలాగే కూర్చుంది. వకీలు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

“పాపం” అంది కళ్ళజోడు ఆవిడ, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

ఆ రాత్రి మేడమ్ పై వాటాకి వచ్చింది. ఎప్పుడూ కింది నుంచి పిలిచేదే తప్ప మెట్లెక్కి వచ్చే మనిషి కాదు. మరదలి తల మీద చెయ్యి వేసి, “ఇంటి పరువు నిలబెట్టావమ్మా” అంది. భర్త, “మా ఆవిడంటే ఏమనుకున్నావక్కా? గొంతు పోయినా మాట పోలేదు” అన్నాడు. ముగ్గురిలో ఇద్దరు నవ్వారు. ఆవిడ కంచం ముందు కూర్చుని, రేపు పొద్దున్నే వెళ్ళి ఆ పిల్లకి సారీ చెప్పేస్తాను, పిల్లలు మంచివాళ్ళు, అర్థం చేసుకుంటారు అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

పొద్దున్న వెళ్ళేసరికి కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. క్లాసు చడీచప్పుడు లేకుండా కూర్చునుంది. ఆవిడ బోర్డు దగ్గర నిలబడి, నిన్న తను అబద్ధమాడాననీ, అది తప్పనీ, తనని క్షమించమనీ చెప్పింది.

“ఏమైనా అనండర్రా. తిట్టండి, పోనీ.”

వకీలు లేచాడు. చేతులు కట్టుకున్నాడు. వాడు చేతులు కట్టుకోవడం ఆవిడ అదే మొదటిసారి చూడటం.

“మాకు చెప్తే ఏం లాభం టీచర్? మీరన్నది వాళ్ళ ముందు. తన గురించి. వాళ్ళూ లేరు, తనూ లేదు.”

“తనెందుకు రాలేదు?”

“మాకేం తెలుసు” అని కూర్చున్నాడు. పుస్తకం తెరిచాడు. మిగతావాళ్ళూ తెరిచారు.

మేడమ్ గదిలో తెలిసింది. నిన్న సాయంత్రమే ఆ పిల్ల తండ్రిని పిలిపించి మాట్లాడిందట.

“టీసీ ఇచ్చేశాను. అలాంటి పిల్లల్ని ప్రత్యేకంగా చూసే బడిలో వెయ్యమని చెప్పాను. ఇక్కడుంటే ఆ పిల్లకే కష్టం. మంచికే చేశానమ్మా.”

“ఆ పిల్ల చెప్పింది నిజం వదినా.”

బడిలో వదినా అని పిలవడం కూడా అదే మొదటిసారి. మేడమ్ కలం కింద పెట్టింది.

“నిజమో అబద్ధమో నువ్వే తేల్చేశావుగా, నలుగురి ముందు. ఇప్పుడు కాదంటే పోయేది నా పరువొక్కటే అనుకుంటున్నావా? నీ మాటని ఇంకెవరైనా నమ్ముతారా?”

పడగొట్టిందీ మేడమే, పడ్డదాన్ని చూసి లేవలేవంటున్నదీ మేడమే. కానీ కాలు జారింది మాత్రం తనదే.

గుర్తింపు వచ్చింది. సోమవారం ప్రార్థన సమయంలో బడి మొత్తాన్నీ మైదానంలో నిలబెట్టి మేడమ్ ఆ సంగతి ప్రకటించింది. ఈ గౌరవానికి కారణం మన సైన్స్ టీచరు కనిపెట్టిన పద్ధతేనని చెప్పి, రెండు మాటలు మాట్లాడమని ఆవిడకి మైకు ఇచ్చింది.

ఆవిడ అప్పటికి నిశ్చయించుకునే ఉంది. వకీలు చెప్పిందే సరైనది. అందరి ముందు అన్నది అందరి ముందే దిద్దుకోవాలి. వచ్చిన పెద్దలు లేకపోతే కనీసం బడి అయినా వినాలి. మైకు ముందు బొంగురు గొంతుతో, దాచకుండా చెప్పింది. బోర్డు మీదవి పిల్లలు రాసినవి కావని, రెండు మార్చారని, ఒక అమ్మాయి లేచి నిజం చెబితే తను ఆ అమ్మాయి మాట తీరును సాకు చేసుకుని అబద్ధమాడానని, ఆ అమ్మాయి ఇప్పుడు ఈ బడిలో లేదని.

టీచర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చాన్నాళ్ళకి ఆవిడకి తన గొంతు తన గొంతులా వినబడింది.

మేడమ్ నెమ్మదిగా వచ్చి మైకు అందుకుంది. కళ్ళు చెమర్చాయి. అవి నిజం కన్నీళ్ళో కావో బొంగురు టీచర్‌కి ఇప్పటికీ తెలియదు.

“చూశారా పిల్లలూ! పెద్ద మనసంటే ఇది. ఎక్కడో చిన్న పొరపాటు జరిగితే, అది తన మీద వేసుకుని, ఇంతమంది ముందు, మీలాంటి చిన్నపిల్లలకి సారీ చెప్పే టీచరు ఏ బడిలో ఉంది చెప్పండి? ఇదే మన బడి సంస్కారం. ఈ గుర్తింపు మనకి ఊరికే రాలేదు. మన టీచరుగారికి గట్టిగా చప్పట్లు!”

చప్పట్లు మోగాయి. పీఈటీ మాస్టారు వరసల మధ్య తిరుగుతూ కొట్టనివాళ్ళ వైపు చూశాడు. ఏడు ‘బి’ కూడా కొట్టింది. వకీలూ కొట్టాడు, మిగతావాళ్ళు ఆపేదాకా కొట్టాడు, ఆవిడ కళ్ళలోకే చూస్తూ.

ఆ సాయంత్రం మేడమ్ కోప్పడలేదు. “చెప్పాలనిపించింది, చెప్పావు. గుండె బరువు దిగిందిగా, ఇక మర్చిపో. వచ్చే నెల నుంచి మిగతా సెక్షన్లకి కూడా బోర్డులు చేయిస్తున్నాను. టీచర్లకి ట్రైనింగ్ నువ్వే ఇవ్వాలి” అంది. భర్త, “అక్క ఎంత మంచిగా సర్దేసిందో చూడు. ఇంకొకరైతే మనిద్దర్నీ గేటు బయట పెట్టేవాళ్ళు” అన్నాడు. అదీ నిజమే. దెబ్బ మీద దెబ్బ కొట్టేవాళ్ళని తిట్టుకోవచ్చు. నిమిరి చంపేవాళ్ళని ఏమనాలో ఆవిడకి తోచలేదు.

పిచ్చుక తండ్రికి కూరగాయల సందు చివర సెలూన్ ఉందని వకీలుని అడిగితే చెప్పాడు. అడిగినందుకు చెప్పాడు, అంతకుమించి ఒక్క మాట కలపలేదు.

రెండు కుర్చీల చిన్న దుకాణం. గోడ పొడుగునా అద్దం. ఒక కుర్చీలో మొహం నిండా నురగతో ఒక లావుపాటి మనిషి వెనక్కి వాలి ఉన్నాడు. పిచ్చుక మూల బెంచీ మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాసుకుంటోంది. ఆవిణ్ణి అద్దంలో చూసింది, తిరగలేదు.

“రండి టీచరుగారూ, రండి” అని తండ్రి కత్తి తుడిచి పక్కన పెట్టాడు. స్టూలు దులిపి వేశాడు. “కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదండీ, ఇలాంటి చోటికి మీరు...”

ఆవిడ కూర్చోలేదు.

“మా అమ్మాయి వల్ల మీకు మాట వచ్చిందని మేడమ్‌గారు చెప్పారండీ. ఏమనుకోకండి. తల్లి లేని పిల్ల, కాస్త గారాబం చేశాను. అబద్ధాలాడుతుందనుకోలేదు. పెద్దల ముందు బడినే అల్లరిపాలు చేసిందట. ఇంటికొచ్చి అడిగితే, తను చెప్పిందే నిజమంటుంది. ఎంతడిగినా అదే మాట.” అతను గొంతు తగ్గించాడు. “చదువుకున్నవాళ్ళు, టీచరుగారు అబద్ధం చెప్తారా, నువ్వు చెప్తావా అని... చెయ్యి చేసుకున్నానండీ. పుట్టాక ఎప్పుడూ కొట్టలేదు. చేశాను.”

బొంగురు టీచర్ నోరు తెరిచింది. డాక్టరు దగ్గరికెళ్ళిన నాటిలా, గాలి తప్ప ఏమీ రాలేదు. గోడ పట్టుకుని, రెండోసారికి చెప్పింది.

“అబద్ధమాడింది నేనండీ. మీ అమ్మాయి చెప్పిందంతా నిజం. ఒక్క అక్షరం కూడా తేడా లేదు.”

అతనికి వెంటనే ఎక్కలేదు. “అంటే?” అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. అతను ఆవిడ వైపు చూశాడు, తర్వాత తన కుడి చేతి వైపు చూసుకున్నాడు. చేతికి నురగ అంటుకుని ఉంది. దాన్ని భుజం మీది తువాలుకి తుడుచుకున్నాడు, తుడిచిందే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

“ఎందుకండీ?” అన్నాడు చివరికి. తిట్టలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. ఆవిడ దగ్గర జవాబుంది. ఇల్లు, వదిన, భర్త, అన్నీ ఉన్నాయి. ఆ దుకాణంలో అందులో ఒక్కటీ నోటితో చెప్పదగ్గదిగా కనబడలేదు.

“నన్ను క్షమించమ్మా” అంది పిల్ల వైపు తిరిగి. “నీకు చెప్పడానికే వచ్చాను. మీ నాన్న ముందు.”

కుర్చీలో మనిషి కదిలాడు. “నురగ ఆరిపోతోందయ్యా” అన్నాడు. తండ్రి విన్నట్టు లేడు.

“ఏమ్మా పిచ్చుకా” అన్నాడు కూతురితో. “ఏదో ఒకటి అను తల్లీ. టీచరుగారు ఇంత దూరం వచ్చారు.”

“అనమనకండి” అంది ఆవిడ. “తనకి అనాలనిపిస్తేనే.”

పిల్ల పెన్సిలు పుస్తకంలో పెట్టి మూసింది. లేచి నిలబడింది. పట్టుకోవడానికి బెంచీ లేదు, గౌను అంచు పట్టుకుంది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. కుర్చీలో మనిషి విసుగ్గా, “ఏంటమ్మా, మాట రావట్లేదా, నీళ్ళు కావాలా?” అన్నాడు. ఆవిడ ఆగింది. తండ్రి ఆగాడు. పిల్ల చూసింది మాత్రం ఆవిడ వైపు కాదు, తండ్రి వైపు.

“నే... నేను... అ... అప్పుడే... చె... చెప్పాను.”

అని మళ్ళీ కూర్చుని, పుస్తకం తెరిచి, ఆగిన చోటి నుంచి రాసుకోవడం మొదలుపెట్టింది. తండ్రి కత్తి అందుకుని, మళ్ళీ కింద పెట్టాడు. బొంగురు టీచర్ ఇంకా కాసేపు గుమ్మంలో నిలబడింది. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. కూరగాయల బండి ఒకటి దారి ఇమ్మని అరుస్తూ వస్తే పక్కకి తప్పుకుంది. అలా తప్పుకున్న మనిషి మరి లోపలికి వెళ్ళలేక, సందు వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయింది.